కచేరి టిక్కెట్లు – మారుబేరము

పేరు మోసిన గాయకుడొకడు మన యూరికి వచ్చుచున్నాడని వార్త తెలిసినది. నెల దినముల ముందునుండియే సొమ్ము కూడబెట్టుకొంటిమి. టిక్కెట్లు అమ్మెడి దినమున తెల్లవారకముందే పోయి వరుసలో నిలిచితిమి. కిటికీ తెరచిన పావుగంటకే “టిక్కెట్లు అయిపోయినవి” అను పలక వ్రేలాడెను. ఉసూరుమని తిరిగి వచ్చుచుండగా సందు మొగలో ఒకడు చెవియొద్దకు వంగి, “అయ్యా, రెండున్నవి, కావలెనా?” అని గుసగుసలాడెను. వాడు చెప్పిన వెల టిక్కెట్టుపై అచ్చైన వెలకు అయిదు రెట్లు. ఇట్టి అనుభవము శ్రోతలలో పెక్కురకు కలిగియే యుండును. ఇప్పుడు కిటికీకి బదులు కంప్యూటరు తెర వచ్చినది. సందు మొగకు బదులు ఇంటర్నెట్టు అంగడి వచ్చినది. కాని ఆ గుసగుస మాత్రము మారలేదు.

కచేరిశాలలో ఆసనములెన్నియో అన్నియే. మారుబేరగాడు వానికి ఒక్క కుర్చీనైనను చేర్చలేదు. గాయకుని సాధనకు గాని, పక్కవాద్యములవారి శ్రమకు గాని అతడు దమ్మిడీ ఖర్చు పెట్టలేదు. అయినను కొన్ని కచేరీలలో గాయకునికి ముట్టినదానికంటె వాని కెక్కువ లాభము ముట్టుచున్నది. ఇది ఎట్లు సంభవించుచున్నదో ముందుగా ఒక చిన్న లెక్క వేసి చూతము.

కచేరి జరిపించువారు టిక్కెట్టునకు పది రూపాయలు వెల పెట్టిరనుకొందము. ఆసనములు వేయి, వినగోరువారు పదివేలమంది. ఆ పదివేలలో ఏబది రూపాయలైనను ఇచ్చుటకు వెనుదీయని వారు వేయిమంది ఉన్నచో, పదికిని ఏబదికిని నడుమనున్న నలుబది రూపాయలు దారిలో పడిన మూటవలె నుండును. ఆ మూట ఎవరిది? వెల తగ్గించి పెట్టిన గాయకుడు దానిని రసికునికి విడిచిపెట్టితినని తలచుచున్నాడు. రసికుడు చేయి చాచులోపల మారుబేరగాడు దానిని ఎత్తుకొని పోవుచున్నాడు. రెండువందల ఏండ్లుగా కచేరి టిక్కెట్లకు సంబంధించిన తగవులన్నియు ఈ నలుబది రూపాయల తగవులే. దానిని ఎవరెవరు ఏయే విధముగ తీర్పజూచిరో తెలిసికొనుట మనకు ప్రయోజనకరము.

ఆసనము బీదవానికిని అందవలెనను తలపు చాల పాతది. క్రీస్తునకు పూర్వము ఏథెన్సు నగరమున డయొనీసస్ దేవుని ఉత్సవములలో నాటకములు జరిగెడివి. ప్రేక్షకులు ప్రవేశరుసుము చెల్లింపవలసి యుండెను. బీద పౌరులకు ఆ రుసుమును ప్రభుత్వ ధనాగారమే ఇచ్చెడిది. ఆ నిధికి థియోరికాన్ అని పేరు. పెరిక్లీజు ప్రజలకు ఇట్టి సొమ్ము పంచిపెట్టెనని ప్లూటార్కు వ్రాసియున్నాడు. నాటకము చూచుట పౌరజీవనములో భాగమని ఆ నగరము తలచినది గనుకనే ఖజానానుండి సొమ్ము తీసి యిచ్చినది.

ఇక పందొమ్మిదవ శతాబ్దమునకు వత్తము. ఆవిరిఓడలు, వార్తాపత్రికలు కలిసి గాయకుల కీర్తిని సముద్రములు దాటించిన కాలమది. 1820లో స్వీడను దేశమున జన్మించిన జెన్నీ లిండ్ ఐరోపా ఖండమంతట పేరొందిన గాయని. ఆమె కంఠమాధుర్యమును బట్టి ప్రజలు ఆమెను నైటింగేలు పక్షితో పోల్చి పిలిచెడివారు. ఫినియాస్ బార్నమ్ అను అమెరికా ప్రదర్శనకారుడు ఆమెను తన దేశమునకు రప్పింపదలచెను. ఆమె పాటను ఆయన అంతకుముందు ఒక్కమారైనను వినియుండలేదు. అయినను 150 కచేరీలకు కచేరి ఒక్కింటికి వేయి డాలర్ల చొప్పున ఒడంబడిక చేసికొని, 1,87,500 డాలర్లు ముందుగనే లండనులోని ఒక బ్యాంకునందు ధరావతు కట్టెను.

1850 సెప్టెంబరు 1వ తేదీన జెన్నీ లిండ్ న్యూయార్కు రేవున దిగెను. 11వ తేదీన కాసిల్ గార్డెన్ అను విశాల మందిరమున మొదటి కచేరి. అందుకు నాలుగు దినముల ముందు, 7వ తేదీన, బార్నమ్ టిక్కెట్లను వేలము వేయించెను. వేలము చూడవచ్చిన వారినుండి సైతము ఆ మందిరమువారు ప్రవేశరుసుము వసూలు చేసిరి. మొదటి టిక్కెట్టును జాన్ జెనిన్ అను టోపీల వర్తకుడు 225 డాలర్లకు పాడుకొనెను. ఆ ఒక్క దినమున వేయి టిక్కెట్లు 10,141 డాలర్లకు అమ్ముడుపోయినవి. అనగా టిక్కెట్టు సగటున పది డాలర్లు పలికెను.

మన లెక్కలోని నలుబది రూపాయలను బార్నమ్ ఎవరికిని విడువలేదు. మారుబేరగాని పనిని కచేరి జరిపించువాడే చేసికొనెను. దీనిని సమర్థించువారు ఆనాడును కలరు, ఈనాడును కలరు. “ఎవడు ఎక్కువ ఇచ్చునో వానికే ఎక్కువ కోరిక ఉన్నట్లు గదా! సందు మొగ దొంగకు పోవు సొమ్ము కళాకారునికి పోవుట మేలు గదా!” అని వారి వాదము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని బార్నమ్ వేలములో గెలిచినవారిని చూచినచో ఆ వాదము నిలువదు. జెనిన్ 225 డాలర్లు ఇచ్చినది సంగీతము కొరకు కాదు. మరునాడు పత్రికలన్నిటియందు ఆయన పేరు పడెను. ఆయన అంగడిలో టోపీలకు గిరాకి పెరిగెను. తరువాత బోస్టనులో మొదటి టిక్కెట్టు 625 డాలర్లు, ప్రావిడెన్సు పట్టణమున 650 డాలర్లు పలికినవి. ప్రావిడెన్సులో 650 డాలర్లకు పాడుకొన్న పెద్దమనిషి కచేరికే రాలేదు! అందరికంటె ఎక్కువ వెల యిచ్చినవాని ఆసనము ఖాళీగా నుండెను. వేలము కొలిచినది సంచి బరువును మాత్రమే.

జెన్నీ లిండ్ తన మొదటి కచేరి రాబడిలోని తన భాగమును ధర్మకార్యములకు ఇచ్చివేసెను. బార్నమ్ ఆర్భాటము ఆమెకు క్రమముగ వెగటు కలిగించెను. ఒడంబడికలోని 150 కచేరీలు పూర్తి కాకుండగనే, 1851లో, ఆమె ఆయనతో విడివడి తన కచేరీలను తానే జరిపించుకొనసాగెను.

పదునేడేండ్లకు అదే న్యూయార్కు నగరమున మరియొక పద్ధతి పరీక్షకు వచ్చెను. ఈమారు వచ్చినవాడు గాయకుడు కాడు. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్. తన రచనలను తానే అభినయపూర్వకముగ చదివి వినిపించుటకై ఆయన 1867 నవంబరులో అమెరికా చేరెను. టిక్కెట్టు వెల రెండు డాలర్లు. తన పాఠకులలో బీదవారెందరో కలరని ఆయన ఎరుగును. ఆయన వ్యవహారకర్త జార్జ్ డాల్బీ వేలము పెట్టలేదు. ఎవరు ముందు వచ్చిన వారికి ముందు, అను న్యాయమును పాటించెను. అనగా నలుబది రూపాయల మూటను నిజముగనే రసికునికి విడిచిపెట్టెను.

ఫలితము విచిత్రముగ నుండెను. ఎముకలు కొరకు డిసెంబరు చలిలో జనులు రాత్రినుండియే వచ్చి నిలిచిరి. న్యూయార్కులో టిక్కెట్లు అమ్ముచున్న చోట మారుబేరగాండ్రు వరుస పొడుగున తిరుగుచు, నిలిచియున్న చోటు విడిచి యిచ్చినవారికి ఇరువది డాలర్లు ఇత్తుమని ఆశపెట్టిరి. రెండు డాలర్ల టిక్కెట్టు చేతికి రాకముందే, కేవలము నిలిచిన చోటికి పదిరెట్ల సొమ్ము! ఒక్కరును ఆ సొమ్ము పుచ్చుకొనలేదని డికెన్స్ జాబులో వ్రాసికొనెను. ఇరువది డాలర్లు ఆనాటి పనివానికి సామాన్యమైన సొమ్ము కాదు. రసికుడనగా ఎవరో తెలియగోరువారు ఆ వరుసను తలచుకొనిన చాలును.

అయితే మారుబేరగాండ్రు అంతటితో విడువలేదు. వరుసలోని వారిని కొనజాలక, వరుసలో తమ మనుష్యులను కూలికి నిలిపిరి. బ్రూక్లిన్ నగరమున డికెన్స్ ఒక చర్చి మందిరములో చదువవలసి యుండెను. అచ్చటికి వచ్చిన కూలివారికి గడ్డి పరుపు, రెండు కంబళ్లు, రొట్టె, మాంసము, ఒక విస్కీ సీసా చొప్పున ఇచ్చి పంపిరి. కొయ్య ఇండ్లు గల ఇరుకు వీథి నడుమ వారు చలికి పెద్ద మంట వేసిరి. దానిని ఆర్పుటకు పోలీసులు రాగా కొట్లాట జరిగెను. ఆ సందడిలో వెనుక నున్నవారు నెత్తురు కారుచుండగనే ముందుకు దూకి, దొరికిన చోట పరుపు పరచి ఇనుప కమ్ములు పట్టుకొని కూర్చుండిరి. ఒక్కొక్కరికి ఆరు టిక్కెట్లకు మించి అమ్మరాదని డాల్బీ నియమము పెట్టెను. కాని ఏబదిమంది కూలివారిని నిలుపగలిగినవానికి ఆ నియమము మూడువందల టిక్కెట్లను ఇచ్చినదే గాని అడ్డము రాలేదు. పత్రికలు మాత్రము తప్పంతయు డాల్బీదేనని ఆయనను దుమ్మెత్తిపోసినవి.

ఈ రెండు కథలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి తేటపడుచున్నది. వేలము ధనవంతుని పక్షము. వరుస ఓపిక గలవాని పక్షము. అయితే ఆ ఓపికను కూలికి కొనగలిగినప్పుడు అదియును ధనవంతుని పక్షమే యగును. వెల తగ్గించుట గాయకుని ఔదార్యము. ఆ ఔదార్యము రసికుని చేతికి చేరువరకు కాపాడు ఉపాయము లేనిచో అది మారుబేరగానికి ఇచ్చిన దానమే యగును.

ఇరువదవ శతాబ్దమున ఈ తగవు న్యాయస్థానములకెక్కెను. నాటకశాలలకు నిలయమైన న్యూయార్కు రాష్ట్రము 1922లో ఒక చట్టము చేసెను. టిక్కెట్లను తిరిగి అమ్మువారు లైసెన్సు పొందవలెను. టిక్కెట్టుపై అచ్చైన వెలకు ఏబది సెంట్లకు మించి కలుపరాదు. ఒక టిక్కెట్ల వ్యాపారసంస్థ దీనిపై దావా వేయగా, అమెరికా సుప్రీముకోర్టు 1927లో ఆ వెలనియమమును కొట్టివేసెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ఆహారము, రవాణా వంటి ప్రజావసరములకు ప్రభుత్వము వెల కట్టవచ్చును గాని నాటకశాల అట్టిది కాదని ఎక్కువమంది అభిప్రాయము. విభేదించిన నలుగురిలో జస్టిస్ హోమ్స్ ఒకరు. కళ ప్రజలకు అవసరము కాదనుట తగదనియు, లోకము అధికమని తలచునదియే పెక్కురకు ఆవశ్యకమైనదనియు ఆయన భావించెను. ఆయన పక్షమే తుదకు నెగ్గెను. న్యూయార్కు రాష్ట్రపు వెలనియమము చెల్లునని 1965లో అదే సుప్రీముకోర్టు అంగీకరించెను. అయితే కథ అచ్చట ముగియలేదు. పట్టణములోని వెలనియమమునకు భయపడి వ్యాపారము పొరుగు రాష్ట్రములకును, పిమ్మట ఇంటర్నెట్టునకును తరలిపోయెను. 2007లో న్యూయార్కు రాష్ట్రము తన వెలనియమమును తానే ఎత్తివేసెను.

ఇచ్చట మారుబేరమును సమర్థించువారి మాట గూడ వినవలెను. “టిక్కెట్టు కొన్నవానికి జబ్బు చేయవచ్చును, ప్రయాణము తగులవచ్చును, అతడు దానిని అమ్ముకొనరాదా? రాత్రింబవళ్లు వరుసలో నిలువజాలని వైద్యుడు, పసిబిడ్డల తల్లి కొంచెము ఎక్కువ ఇచ్చి సుఖముగ కొనుక్కొనిన తప్పేమి? కచేరి బాగుగ సాగనిచో నష్టపోవునది మారుబేరగాడే గదా!” అని వారందురు. మొదటి మాట న్యాయమైనది. రాజాలని వాని టిక్కెట్టు వ్యర్థము కారాదు. అతడు కొన్న వెలకు మరియొకరికి ఇచ్చుటను ఎవరును ఆక్షేపింపరు. రెండవది సగము న్యాయము. ఆ తల్లి సౌకర్యము కొరకు కొంత ప్రతిఫలము ఇచ్చుట తప్పు కాదు. కాని ఒక్కడు వేయి టిక్కెట్లు ముందుగ ఊడ్చివేయకున్నచో ఆమెకు మామూలు వెలకే దొరికెడిది గదా! కరవు కల్పించినవాడు కరవు తీర్చితినని చెప్పుకొనుట మన పల్లెలలో ధాన్యము దాచిన వర్తకుని మాటవలె నున్నది.

అట్లయిన రసికునికి ఆసనము దక్కు మార్గము లేదా? లండనులోని ఒక ప్రయోగము మనకు ధైర్యము చెప్పుచున్నది. 1895 ఆగస్టు 10వ తేదీన క్వీన్స్ హాలులో రాబర్ట్ న్యూమన్ అను నిర్వాహకుడు, హెన్రీ వుడ్ అను యువ సంగీతనిర్దేశకుడు కలిసి ఒక కచేరీల వరుసను ప్రారంభించిరి. వానినే నేడు ప్రామ్స్ అనుచున్నారు. క్రింది అంతస్తు నడుమ కుర్చీలు తీసివేసి, అచ్చట నిలిచి వినువారికి ఒక్క షిల్లింగు వెల పెట్టిరి. సామాన్యులను మెల్లమెల్లగ గొప్ప సంగీతమునకు అలవాటు చేయవలెనని న్యూమన్ సంకల్పము. 1927లో ఈ కచేరీల నిర్వహణభారమును బి.బి.సి. రేడియో సంస్థ వహించెను. 1941 మే నెలలో క్వీన్స్ హాలు బాంబుల పాలు కాగా కచేరీలు రాయల్ ఆల్బర్ట్ హాలునకు మారినవి.

ఆ నిలుచుండు చోటుల టిక్కెట్లను కచేరి జరుగు దినముననే అమ్ముట ఆ సంస్థ ఆచారము. నెలల ముందు కొని దాచి, వెల పెంచి అమ్ముటకు వీలు లేదు. కొన్నవాడు గంటల తరబడి తన కాళ్లపై తాను నిలువవలెను. మారుబేరగాని లాభమునకు మూలము కాలవ్యవధి. ఆ వ్యవధిని తీసివేసినచో అతని పని కష్టమగును. చిత్రమేమనగా, అదే ఆల్బర్ట్ హాలులో వెయ్యికి పైగా ఆసనములు భవనము కట్టునప్పుడు సొమ్ము ఇచ్చినవారి వారసులకును, వారినుండి కొన్నవారికిని సొంతమై యున్నవి. ఆ ఆసనముల టిక్కెట్లను కొందరు ఎక్కువ వెలకు అమ్ముకొనుచున్నారని ఆ దేశమున చాలకాలముగ వివాదము నడచుచున్నది. ఒకే కప్పు క్రింద రెండు న్యాయములు!

ఇక మన కాలపు సంగతి. బ్రూక్లిన్ వీథిలో గడ్డి పరుపులపై పండుకొన్న కూలివారి స్థానమును నేడు కంప్యూటరు యంత్రాంగము ఆక్రమించినది. వీనిని బాట్లు అందురు. మనము పేరు, చిరునామా నింపులోపల అవి వందల టిక్కెట్లు కొనివేయగలవు. న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయము 2016 జనవరిలో ఒక విచారణ నివేదికను ప్రకటించెను. న్యూయార్కులో జరుగనున్న యు-టూ వాద్యబృందపు కచేరికి ఒక్క వ్యాపారి ఒక్క నిమిషములో 1,012 టిక్కెట్లు కొనగలిగెనని అందు కలదు. ఒక్కొక్కరికి నాలుగే అని నియమము ఉండగనే ఇది జరిగెను! డాల్బీ నియమమునకు పట్టిన గతియే దీనికిని పట్టినది. ఆ యేటి డిసెంబరులో అమెరికా దేశము బాట్లను నిషేధించుచు చట్టము చేసెను.

ఆ నివేదికలోనే మరియొక లెక్క యున్నది. పరిశీలించిన గొప్ప కచేరీలలో సగటున నూటికి 54 టిక్కెట్లు సామాన్య ప్రజల అమ్మకమునకే రాలేదట! కొన్ని కళాకారులకు, మందిరముల వారికి, నిర్వాహకులకు. మరికొన్ని ఫలానా బ్యాంకు కార్డు కలవారికి, ఫలానా సంఘములో చేరినవారికి ముందుగనే పోయినవి. కిటికీ తెరచుసరికి మిగిలినది సగమునకు తక్కువ. ఇది తెలియని రసికుడు సందు మొగ వానిని మాత్రమే తిట్టుకొనుచున్నాడు. దొడ్డిదారిని పోయిన టిక్కెట్ల సంగతి అతనికి చెప్పువారు లేరు.

2022 నవంబరులో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీలకు ముందస్తు అమ్మకము జరిగినప్పుడు 35 లక్షలమంది పేర్లు నమోదు చేసికొనిరి. ఒక్క దినమున ఇరువది లక్షలకు పైగా టిక్కెట్లు అమ్ముడయ్యెను. యంత్రాంగము తట్టుకొనలేక స్తంభించెను. సామాన్య ప్రజలకు జరుగవలసిన అమ్మకము రద్దయ్యెను. 2023 జనవరిలో ఆ దేశపు సెనేటు సంఘము దీనిపై విచారణ జరిపెను. చిన్న దేశమైన ఐర్లండు అంతకుముందే, 2021లో, వేయిమందికి పైగా పట్టు మందిరములలో జరుగు ప్రదర్శనల టిక్కెట్లను అచ్చైన వెలకు మించి తిరిగి అమ్ముట నేరమని శాసించినది.

ఈ గాలి మన దేశమునకును సోకినది. కోల్డ్‌ప్లే అను ఆంగ్ల వాద్యబృందము 2025 జనవరిలో నవీ ముంబయిలోను, అహమ్మదాబాదులోను కచేరీలు చేసినది. ముంబయి టిక్కెట్ల అమ్మకము 2024 సెప్టెంబరు 22న ఆరంభమై చూచుచుండగనే ముగిసెను. 2,500 రూపాయలనుండి 35,000 రూపాయల వరకు వెల గల టిక్కెట్లు వేరు అంగళ్లలో లక్షలకెక్కినవి. పోలీసుల విచారణలు జరిగినవి. ఈ మారుబేరమును అరికట్టుటకు మార్గదర్శక నియమములు కావలెనని ఒక ప్రజాహితవ్యాజ్యము దాఖలు కాగా, ఇది శాసనకర్తలు ఆలోచింపవలసిన విషయమని బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో దానిని త్రోసిపుచ్చెను.

తెలుగువారికి ‘బ్లాకు’ అను మాటను అర్థము చెప్ప నక్కరలేదు. క్రొత్త చిత్రము విడుదలైన దినమున సినిమాహాళ్ల యెదుట తరతరముల యువకులు ఆ పాఠము నేర్చుకొనిరి. అయితే సంగీతమునకు సంబంధించినంతవరకు మన పెద్దలు వేరొక మార్గమును మనకు విడిచిపోయిరి. శ్రీరామనవమి పందిళ్లలో కచేరి వినుటకు టిక్కెట్టు లేదు. ఖర్చు ఊరి పెద్దలు భరించిరి. చాప పరచుకొన్నవాడెల్ల శ్రోతయే. తిరువయ్యారులో కావేరీ తీరమున ఏటేట జరుగు త్యాగరాజ ఆరాధనలో గొప్ప విద్వాంసులు వరుసగ కూర్చుండి ఆయన తెలుగు కృతులు పాడుదురు. వినుటకు వచ్చినవారు ఇసుకలో కూర్చుందురు. అచ్చటను తలుపులు అందరకు మొదటినుండి తెరచి లేవు. ఆ సమాధికి మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ, స్త్రీలు అచ్చట పాడరాదను కట్టుబాటుతో ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. అందరకు ప్రవేశము తనంతట రాదు. ఎవరో ఒకరు పూనుకొని తలుపు తీయవలెను.

పందిరిలో సాగిన ధర్మము పెద్ద మందిరములలో యథాతథముగ సాగదని మేమెరుగుదుము. కళాకారులు బ్రదుకవలెను, అద్దెలు, దీపములు, ధ్వనియంత్రములు ఖర్చుతో కూడినవి. టిక్కెట్టు పెట్టుట తప్పు కాదు. కాని ఇంతవరకు చూచిన చరిత్రనుండి నిర్వాహకులు నేర్వదగినవి నాలుగు కలవు. టిక్కెట్టు కొన్నవాని పేరున ఉండవలెను. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవమువారు 2007 నుండి ఫోటోతో పేరు నమోదు చేసికొన్నవారికే టిక్కెట్లు అమ్ముచున్నారు. రాజాలని వాడు తాను కొన్నచోటనే, కొన్న వెలకే, తిరిగి ఇచ్చివేయుటకు వీలుండవలెను. ఆసనములెన్ని, అందు ప్రజల కమ్మునవెన్ని అను లెక్క ముందుగ ప్రకటింపవలెను. కొన్ని చవుక ఆసనములను కచేరి దినము వరకు దాచి, ఆనాడే అమ్మవలెను. ఇందేదియు అసాధ్యము కాదు. చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. మొదట అమ్మువాని చేతిలోనే మందు కలదు. అతడు కన్ను మూసికొన్నప్పుడే సందు మొగ వాని చేయి పొడుగగుచున్నది.

తుదకు మన యింటి సంగతి ఒకటి. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. 1952 జూలైలో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమము మొదలైనది. ఆనాటినుండి మన యిండ్లలో ఎందరు విద్వాంసులు పాడలేదు! ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి ఇంటివారును ఏటేట లైసెన్సు రుసుము కట్టెడివారు. జమీందారుగారి మేడయైనను, గుమాస్తాగారి రెండు గదుల ఇల్లైనను ఆకాశవాణి ఒకే కచేరిని, ఒకే క్షణమున వినిపించెడిది. పొరుగింటివారు అరుగుపై కూర్చుండి విన్నచో వారికి రుసుము లేదు. ఆ ఆసనమును ఎవరును ఎవరికిని తిరిగి అమ్మజాలరు.

అయినను, రేడియో ఉన్నది గదా, మందిరమునకు పోనేల అని మేము చెప్పబోవుట లేదు. గాయకుని ఎదుట కూర్చుండి, ఆయన శ్రుతి సవరించుకొనుట చూచుచు, పక్కవానితో కలిసి తల యూపుటలోని ఆనందము వేరు. రేడియోలో ఏండ్ల తరబడి విని, కృతులు కంఠస్థము చేసి, ఒక్కమారైన ఎదుట వినవలెనని కోరుకొన్న శ్రోతకే ఆ మందిరములో మొదటి చోటు దక్కవలెను. న్యూయార్కు చలిలో ఇరువది డాలర్లు వలదన్న ఆ వరుసలోనివారు మన శ్రోతల వంటివారే. వారి కొరకై గాయకుడు తగ్గించి పెట్టిన వెల వారికే చేరునట్లు చూచుట కచేరి జరిపించు ప్రతివాని విధి.